బేస్ ఆంప్ ఎఫెక్టులు కాలితో మార్చడం ఎలా: కేబుల్ నుంచి స్టేజీ దాకా

పలాస నుంచి బొబ్బిలి దాకా ఆర్కెస్ట్రాల్లోనూ చర్చి క్వయర్లలోనూ బేస్ వాయించే కుర్రాళ్లు అడిగేది తిప్పి తిప్పి రెండే ప్రశ్నలు. "అన్నా, ఫుట్ పెడల్ కొని ఆంప్‌కి పెట్టాను, నొక్కితే ఏమీ అవట్లేదు" అనేది ఒకటి. "నొక్కితే బేసే మాయమైపోతోంది" అనేది రెండోది. ఫోన్లో ప్రతివాళ్లకీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసి పెడుతున్నాను. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, వయొలినో వీణో నేర్చుకుంటానంటే దారి చూపేవాళ్లకి ఇప్పటికీ కొదవ లేదు. బేస్ ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే యాంప్లిఫయర్) వెనక ఉన్న ఆ నాలుగైదు బొక్కల్లో ఏది దేనికో చెప్పే మనిషి మాత్రం దొరకడు. విశాఖ వెళ్లి షాపులో అడిగితే ఇంకో పెట్టె అమ్మి పంపిస్తారు.

స్విచ్ నొక్కితే సౌండ్ రంగు మారాలి, అంతే. వాల్యూమ్ ఎగరకూడదు, పడకూడదు, అడుగున ఉండే ఆ బరువు పోకూడదు. కింద చెప్పేదంతా దీనికోసమే, కాబట్టి ఏ స్టెప్పులో ఇరుక్కున్నా ఈ మూడూ సరిగ్గా ఉన్నాయా అని చూసుకోండి.

ముందు మీ దగ్గర ఉన్నదేదో తేల్చుకోండి

మనవాళ్లు అన్నింటినీ "పెడల్" అనే అంటారు, తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

స్విచ్ మాత్రమే ఉండే పెట్టె ఒకటి. దాంట్లో మీ గిటార్ సౌండ్ నడవదు. ఒక వైరు ఆంప్‌కి వెళ్తుంది, నొక్కితే ఆంప్ లోపల ఉన్న డ్రైవో (సౌండ్‌ని గరుకు చేసేది) కోరసో (సౌండ్‌ని ఊపేది) ఆన్ అవుతుంది, మళ్లీ నొక్కితే ఆఫ్. బాస్ (Boss) కంపెనీ కటానా-110 బేస్ ఆంప్‌కి వాడే జీఏ-ఎఫ్‌సీ కూడా ఈ జాతే, కాకపోతే బటన్లు ఎక్కువ.

కారు యాక్సిలరేటర్‌లా ముందుకీ వెనక్కీ తొక్కేది ఎక్స్‌ప్రెషన్ పెడల్. ఆన్, ఆఫ్ కాకుండా ఒక నాబ్‌ని కాలితో తిప్పినట్టు పనిచేస్తుంది. దీంట్లో కూడా సౌండ్ నడవదు.

మిడి (వాయిద్య పరికరాలు ఒకదానికొకటి ఆర్డర్లు పంపుకునే పద్ధతి) ఫుట్ కంట్రోలర్ వేరు. అది ఆంప్‌కి గానీ ర్యాక్‌లో బిగించిన ఎఫెక్ట్ పెట్టెకి గానీ "ఫలానా నంబరు సౌండ్‌కి వెళ్లు" అని ఆర్డర్ పంపిస్తుంది. చాలావాటికి సొంతంగా కరెంటు కావాలి.

ఇక జూమ్ బీ1ఎక్స్ ఫోర్, బాస్ జీటీ-1బీ లాంటి మల్టీ ఎఫెక్ట్స్ బోర్డులు. వీటిలో గిటార్ సౌండ్ లోపలికి వెళ్లి ఎఫెక్టు కలిసి బయటికి వస్తుంది. నాకు కనిపించేవాటిలో ఎక్కువ ఇవే.

మొదటి మూడు రకాల్లో ఏదైనా తీసుకెళ్లి గిటార్‌కీ ఆంప్ ఇన్‌పుట్‌కీ మధ్య పెట్టారంటే సౌండ్ రాదు. పెడల్ పాడైపోయిందని తిరిగి ఇచ్చేయబోయిన వాళ్లలో చాలామంది చేసింది ఇదే.

కావలసినవి

- బేస్ గిటార్, ఆంప్, మీ ఫుట్ కంట్రోలర్. ఆంప్ మాన్యువల్ పోయుంటే కంపెనీ సైటులో పీడీఎఫ్ ఉంటుంది, ఫోన్లో వేసుకోండి.
- మంచి గిటార్ కేబుళ్లు రెండు, ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ లోపలి సౌండ్‌ని బయటి పెడళ్లకి పంపి తిరిగి తెచ్చుకునే దారి) వాడితే నాలుగు.
- ఎక్స్‌ప్రెషన్ పెడల్ అయితే స్టీరియో కేబుల్. పిన్ను మీద రెండు నల్ల గీతలు ఉండాలి. ఒక్క గీత ఉంటే అది మామూలు గిటార్ కేబుల్.
- పెడల్‌కి సరిపోయే అడాప్టర్.
- కరెంటు టెస్టర్. ఇది ఎందుకో తర్వాత చెప్తాను, నవ్వకండి.
- గాఫర్ టేపు, లేదంటే బట్ట టేపు. సెల్లో టేపు పనికిరాదు, స్టేజీ దుమ్ముకి పది నిమిషాల్లో ఊడిపోతుంది.
- ఫోను, మంచి ఇయర్‌ఫోన్లు.

1. ఆంప్ వెనక్కి తిప్పి చదవండి

జాక్ పక్కన రాసి ఉన్న పేరు చూడకుండా ఏదీ గుచ్చకండి. "ఫుట్‌స్విచ్" అని ఉంటే స్విచ్ పెట్టె అక్కడికి. "ఎక్స్‌ప్రెషన్" లేదా "ఈఎక్స్‌పీ" అని ఉంటే తొక్కే పెడల్ అక్కడికి. గుండ్రంగా అయిదు పిన్నులది "మిడి ఇన్", కంట్రోలర్ "అవుట్" నుంచి దీనికి కలపాలి, ఇన్ నుంచి ఇన్‌కి కలిపితే జన్మలో పనిచేయదు. "సెండ్", "రిటర్న్" అని జంటగా ఉంటే అది ఎఫెక్ట్స్ లూప్.

"స్పీకర్ అవుట్" అని ఉన్న జాక్ కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. దాంట్లోంచి వచ్చేది స్పీకర్‌ని ఊపే పవర్, పెడల్‌లోకి గానీ మిక్సర్‌లోకి గానీ పంపితే లోపల కాలిపోతుంది. దాని మీద ముందే ఎర్ర టేపు ముక్క అంటించేయండి, స్టేజీ చీకట్లో మీరే తడుముకుని పెట్టేస్తారు.

ఆంప్‌కి ఇవేవీ లేవా? చిన్న ప్రాక్టీస్ ఆంపులకి చాలావాటికి ఉండవు. బాధపడక్కర్లేదు, మల్టీ ఎఫెక్ట్స్ బోర్డు ఒకటి గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టుకుంటే పని అయిపోతుంది. అప్పుడు మీరు నేరుగా మూడో స్టెప్పుకి వెళ్లొచ్చు.

2. స్విచ్ రకం ఆంప్‌తో కుదిరిందా

ఫుట్‌స్విచ్‌లు రెండు రకాలు. లాచింగ్ అంటే నొక్కితే అలాగే ఉండిపోయేది, ఇంట్లో లైటు స్విచ్ మాదిరి. మొమెంటరీ అంటే నొక్కినంతసేపే పనిచేసి వదలగానే తిరిగొచ్చేది, అది కాలింగ్ బెల్ మాదిరి. ఆంప్ ఏది అడుగుతుందో మాన్యువల్లో ఉంటుంది.

మాన్యువల్ లేకపోయినా తేల్చేయొచ్చు. నొక్కి వదలండి. కాలు ఉన్నంతసేపే డ్రైవ్ వచ్చి వదలగానే పోతే, ఆంప్ లాచింగ్ అడుగుతోంది, మీ దగ్గర మొమెంటరీ ఉంది. ఒకసారి నొక్కితే పనిచేసి, రెండోసారి చేయక, మూడోసారి చేస్తుంటే తిరగేసి జరిగిందన్నమాట. కొన్ని పెడళ్లకి అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, రకం మార్చుకోవచ్చు. కొన్ని మల్టీ ఎఫెక్ట్స్‌లో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

ఆంప్ మామూలు లాచింగ్ ఒంటి స్విచ్ అడిగితే కొనే పనే లేదు. లాచింగ్ ఫుట్‌స్విచ్ ఒకటి, పావు అంగుళం మోనో సాకెట్ ఒకటి, ఒక రేకు డబ్బా పట్టుకుని విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో టీవీ రిపేరు చేసే ఆయన దగ్గరికి వెళ్లండి. సాకెట్ టిప్ (పిన్ను మొన తగిలేది) నుంచి ఒక వైరు, స్లీవ్ (పిన్ను ఒళ్లు తగిలేది) నుంచి ఒక వైరు, రెండూ స్విచ్ రెండు కాళ్లకి. అంతే పని. స్విచ్‌లో లైటు కావాలని మాత్రం అడగకండి, దానికి వేరే లెక్క ఉంది.

3. కరెంటు: ఇక్కడ తొందరపడకండి

పెడళ్లలో ఎక్కువభాగం 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. అడాప్టర్ మీద చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది, నడిమి చుక్కకి మైనస్ కలిసి ఉందో లేదో చూడండి. వోల్టులు సరిగ్గా సమానంగా ఉండాలి. మిల్లీ ఆంపులు మాత్రం పెడల్ అడిగినంత గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. కీబోర్డు ఆయన అడాప్టర్ పిన్ను దూరింది కదా అని పెట్టేయకండి. కీబోర్డు అడాప్టర్లలో చాలావాటికి 12 వోల్టులు, నడిమి పిన్ను పాజిటివ్, ఒక్క సెకనులో పెడల్ చచ్చిపోతుంది.

ఆన్ చేసే వరుస: అన్ని కేబుళ్లూ పెట్టాక పెడళ్లు, చివరగా ఆంప్. ఆఫ్ చేసేటప్పుడు ముందు ఆంప్. తిరగేస్తే స్పీకర్‌లో "ధబ్" మంటుంది, పదిసార్లు అలా కొడితే కోన్‌కి మంచిది కాదు.

ఇప్పుడు హమ్ము (స్పీకర్‌లో ఆగకుండా గుమ్మనే రొద) సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ (E) స్ట్రింగ్ మీద మూడో ఫ్రెట్‌లో వచ్చే జీ స్వరం 49 హెర్ట్జ్. అంటే ఎర్త్ సరిగ్గా లేని స్టేజీ మీద హమ్ము మీ బేస్ స్వరాల మధ్యలోనే కూర్చుంటుంది. లీడ్ గిటార్ ఆయన ఈక్యూలో (కింది, మధ్య, పై సౌండ్లని విడివిడిగా పెంచే, తగ్గించే నాబుల్లో) కింద కోసేసి తప్పించుకుంటాడు, మీరు కోయలేరు, కోస్తే మీరే పోతారు. ఆంప్, పెడళ్లు, కీబోర్డు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీంచి తీసుకోండి. పెడల్ కేబుళ్లు కరెంటు వైరు పక్కన పొడుగునా నడపకుండా అడ్డంగా దాటించండి. డిజిటల్ బోర్డు, డ్రైవ్ పెడల్ రెండూ ఒకే అడాప్టర్ మీంచి గొలుసుగా తీసుకుంటే సన్నగా కీచుమంటుంది, అప్పుడు వేరే అడాప్టర్ ఇవ్వండి. జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాం అయితే నేనైతే బ్యాటరీలే వేస్తాను. బీ1ఎక్స్ ఫోర్, జీటీ-1బీ రెండూ నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తాయి, ఒక ప్రోగ్రాంకి కొత్త సెల్స్ వేస్తే టెన్షన్ ఉండదు.

హమ్ము పోవాలని ఆంప్ ప్లగ్గు మూడో పిన్ను పీకేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మన దగ్గర జాతర స్టేజీలు, గుడి ముందు స్టేజీలు, చర్చిలు, ఎక్కడైనా చెప్పులు విప్పే ఎక్కుతాం. మంచు పడి చెక్క తడిసి ఉంటుంది, కాలు వేసేది లోహపు పెడల్ మీద, చేతిలో స్టీలు స్ట్రింగ్స్, మూతి దగ్గర మైకు. ఎర్త్ తీసేసిన ఆంప్‌లో ఒక వైరు లోపల బాడీకి తగిలిందంటే కరెంటు మీ ఒంట్లోంచే పోతుంది. అందుకే టెస్టర్ కావాలన్నాను. అన్నీ ఆన్ చేశాక, కాలు పెట్టకముందే పెడల్ లోహానికీ, గిటార్ బ్రిడ్జికీ, మైకు జాలీకీ టెస్టర్ తాకించండి. వెలిగితే మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అది చూసేదాకా వాయించకండి. హమ్ము తగ్గించడానికి సరైన దారి డీఐ బాక్స్ (గిటార్ సౌండ్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. అది ఆడియో వైరులో ఎర్త్ తెంపుతుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

4. వరుస

మల్టీ ఎఫెక్ట్స్ అయినా, విడి పెడళ్లయినా గిటార్ దగ్గర నుంచి ఈ వరుసలో మొదలుపెట్టండి:

ట్యూనర్, ఆక్టేవ్ (కింది స్థాయి స్వరం కలిపేది), ఎన్వలప్ ఫిల్టర్, కంప్రెసర్ (గట్టి మీటునీ మెల్ల మీటునీ దగ్గర చేసేది), డ్రైవ్, ఈక్యూ, కోరస్, డిలే (ప్రతిధ్వని ఇచ్చేది).

ఆక్టేవ్ ముందుండాలి, ఎందుకంటే అది స్వరాన్ని గుర్తుపట్టాలి, మురికి సౌండ్ ఇస్తే తడబడుతుంది. ఫిల్టర్ మీరు ఎంత గట్టిగా మీటారో దాన్ని బట్టి తెరుచుకుంటుంది, కంప్రెసర్ తర్వాత పెడితే గట్టిగా మీటినా మెల్లగా మీటినా ఒకేలా అంటుంది, ఇక అది ఉండి ఏం లాభం. ఆంప్‌లో డ్రైవ్ వాడుతూ కోరస్, డిలే బయట పెడల్స్‌లో ఉంటే వాటిని సెండ్, రిటర్న్ మధ్య పెట్టండి. లూప్ లేకపోతే ఆంప్ డ్రైవ్ ఆఫ్ చేసి పెడల్ డ్రైవ్ వాడుకోండి.

5. ఎఫెక్టులన్నీ ఆఫ్ చేసి క్లీన్ సౌండ్ కట్టండి

ఇది దాటేసి ఎఫెక్టుల మీద పడతారు అందరూ. ఈక్యూ నాబులన్నీ నడిమికి పెట్టండి. ఈ (E) స్ట్రింగ్ గట్టిగా మీటుతూ గెయిన్ (లోపలికొచ్చే సౌండ్ స్థాయి) పెంచండి, క్లిప్ లైటు (సౌండ్ హద్దు దాటితే వెలిగేది) అప్పుడప్పుడూ మిణుకుమనే దగ్గర ఆపి కొంచెం వెనక్కి తీయండి. తర్వాత మాస్టర్ వాల్యూమ్‌ని స్టేజీ మీద వాయించే స్థాయికి తీసుకెళ్లండి. పక్కింటివాళ్ల భయంతో చిన్న వాల్యూమ్‌లో సెట్ చేస్తే చెవికి కింది సౌండ్ తక్కువ వినబడుతుంది కాబట్టి బేస్ నాబు పెంచేస్తారు, అదే సెట్టింగు స్టేజీ మీద పెద్ద వాల్యూమ్‌లో గుంయ్‌మని మోగి ఒక్క స్వరమూ తెలియదు. రిహార్సల్ హాల్లో ఎవరూ లేని పూట చూసుకుని చేయండి.

6. మూడు సౌండ్లు చాలు

పెట్టెలో ఎన్ని ప్యాచ్‌లు (సేవ్ చేసి పెట్టిన సౌండ్లు) ఉన్నా ఒక ప్రోగ్రాంలో మూడు సౌండ్లకి మించి కాలు వెళ్లదు. ఫ్యాక్టరీ ప్యాచ్‌లు షాపులో విని మురిసిపోడానికి చేసినవి, బ్యాండులో పనికిరావు. ఖాళీ ప్యాచ్ తీసుకుని మీరే కట్టుకోండి.

మొదటిది క్లీన్. కంప్రెసర్ ఒక్కటే: రేషియో 4:1, అటాక్ 20 నుంచి 40 మిల్లీసెకన్లు, గట్టిగా మీటినప్పుడు మీటరు 4 నుంచి 6 డెసిబెల్స్ వెనక్కి లాగితే చాలు. అటాక్ మరీ తక్కువ పెడితే మీటు దెబ్బ చచ్చిపోయి రబ్బరులా వస్తుంది. మెలోడీ పాటలకీ, ఆరాధన పాటల్లో మెల్లవాటికీ ఇదే.

రెండోది డ్రైవ్, మాస్ బీట్ పల్లవికి. బేసే మాయమైపోతోందన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే. లీడ్ గిటార్ డ్రైవ్ పెడల్ బేస్‌కి పెడితే చాలావాటిలో కింది సౌండ్ కోసేస్తుంది, అలా కోయడమే దాని పని. బేస్ కోసం చేసిన డ్రైవ్‌కి "బ్లెండ్" లేదా "మిక్స్" నాబు ఉంటుంది, దాన్ని 40 శాతం దగ్గర మొదలుపెట్టండి. అప్పుడు సగానికి పైగా మీ శుభ్రమైన బేస్ అలాగే ఉంటుంది, పైన గరుకు కలుస్తుంది. డ్రైవ్ నాబు మీరు అనుకున్నదానికంటే తక్కువ పెట్టండి, టోన్ కొంచెం చీకటిగా. ఒంటరిగా వింటే చప్పగా ఉందనిపిస్తుంది, డ్రమ్స్‌తో కలిసినప్పుడు సరిపోతుంది. బ్లెండ్ లేని పెడలే దిక్కయితే డ్రైవ్ తర్వాత ఈక్యూ పెట్టి 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచండి, పోయినదంతా రాదు గానీ కొంత నయం.

మూడోది మీ ఇష్టం: కోరస్ గానీ ఆక్టేవ్ గానీ ఫిల్టర్ గానీ. కోరస్ పులుసులో ఇంగువ లాంటిది, మిక్స్ 30 శాతం దాటించకండి, లో కట్ (కింది సౌండ్ ఎఫెక్టులోకి పోకుండా కోసేది) ఉంటే 200 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, కింది సౌండ్ ఊగిపోకుండా నిలబడుతుంది. ఆక్టేవ్ పెడితే ఒక్కో స్వరమే వాయించాలి, రెండు కలిపితే గుడగుడలాడుతుంది. ఈ (E) స్ట్రింగ్ కింది ఫ్రెట్లలో అది స్వరం పట్టుకోలేదు, డీ, జీ స్ట్రింగ్స్ మీదకి వెళ్లి వాయించండి. ఫిల్టర్ ఇంటర్లూడ్ బిట్లలో బాగుంటుంది, పాటంతా ఉంచితే పాడేవాళ్లు మీ వంక చూస్తారు.

ప్రతి సౌండ్ కట్టగానే సేవ్ చేయండి. ప్యాచ్ మార్చి మళ్లీ వెనక్కి వచ్చి నిలిచిందో లేదో చూడండి.

7. లెవెల్ సమానం చేయండి

దీనికి కావలసినంత సమయం ఇవ్వండి. మిగతా స్టెప్పులన్నీ కలిపి ఒక గంట పడితే ఇదొక్కటే ఇంకో గంట పడుతుంది.

ఫోన్లో సౌండ్ మీటరు యాప్ ఒకటి వేసుకోండి. సెట్టింగుల్లో "ఏ" వెయిటింగ్ కాకుండా "సీ" వెయిటింగ్ పెట్టండి. ఏ వెయిటింగ్ 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది, బేస్‌కి ఆ మీటరు గుడ్డిది. ఫోను ఆంప్‌కి కొంచెం దూరంలో ఒకేచోట పెట్టి, క్లీన్‌లో ఒకే లైను ఒకే బలంతో వాయించి నంబరు చూడండి. డ్రైవ్‌లోకి మారి అదే లైను. తేడా ఒకటి రెండు డెసిబెల్స్ లోపు ఉండేలా డ్రైవ్ ప్యాచ్ అవుట్‌పుట్ లెవెల్ సర్దండి. ఆంప్ మాస్టర్ ముట్టుకోకండి, ముట్టుకుంటే రెండూ కదులుతాయి.

నంబరు కుదిరాక చెవితో చూడండి. డ్రైవ్ మధ్య సౌండుని నింపుతుంది కాబట్టి మీటరులో సమానమైనా ఒంటరిగా వింటే పెద్దగా అనిపిస్తుంది, బ్యాండు మొదలవగానే మునిగిపోతుంది. అందుకని చివరి సర్దుబాటు డ్రమ్స్ లేదా రిథమ్ ప్యాడ్స్ మోగుతుండగా చేయాలి. ఎవరూ రాకపోతే ఫోన్లో డ్రమ్ లూప్ స్పీకర్‌కి పెట్టి వాయించండి.

రికార్డింగ్ పరీక్ష: ఫోను పదడుగుల దూరంలో పెట్టి, ప్రతి నాలుగు బార్లకీ స్విచ్ మారుస్తూ ఒక నిమిషం వాయించండి. ఫోను స్పీకర్‌లో వినకండి, అందులో బేస్ రాదు, ఇయర్‌ఫోన్లలో వినండి. మారిన చోట అడుగు ఖాళీ అయినట్టుంటే బ్లెండ్ తగ్గించండి, ఎగిరితే లెవెల్ తగ్గించండి. బ్యాండులో బేస్ గురించి ఏమీ తెలియని మనిషికి వినిపించి "ఎక్కడ తేడా వచ్చింది" అని అడగండి. "సౌండ్ మారింది" అంటే బాగున్నట్టు. "తగ్గింది" అంటే మళ్లీ మొదటికి.

8. ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఉంటే

స్టీరియో కేబులే కదా అని మళ్లీ చూసుకోండి. గిటార్ కేబుల్ పెడితే పెడల్ అసలు కదలదు, లేదా కొసన ఒక్కసారి గెంతుతుంది. కేబుల్ సరైనదే అయినా తిక్కగా ఉంటే పెడల్ లోపల వైరింగ్ మీ ఆంప్ కంపెనీకి కుదరలేదేమో చూడండి, కంపెనీ కంపెనీకీ టిప్, రింగ్ (పిన్ను మీద రెండు గీతల మధ్య భాగం) తిరగేసి ఉంటాయి. కొన్ని పెడళ్లకి దీనికోసం అడుగున స్విచ్ ఉంటుంది.

తర్వాత క్యాలిబ్రేషన్. మెనూలో అడిగినట్టు మడమ పూర్తిగా దించి ఓకే, వేళ్లు పూర్తిగా నొక్కి ఓకే. ఇది చేయకపోతే ముందుకి పూర్తిగా తొక్కినా నంబరు 100 చేరదు.

ఏం అప్పగించాలి? వాల్యూమ్ అప్పగిస్తే కనీస విలువ సున్నా పెట్టకండి, 60 దగ్గర పెట్టండి. పాట మధ్యలో మడమ జారితే బేస్ మొత్తం పోతుంది, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. వాల్యూమ్ డ్రైవ్‌కి ముందుంటే వెనక్కి తీసినప్పుడు గరుకు తగ్గుతుంది, తర్వాత ఉంటే గరుకు అలాగే ఉండి సౌండే తగ్గుతుంది, రెంటికీ ఉపయోగం ఉంది. నాకు నచ్చినది డ్రైవ్ బ్లెండ్‌ని పెడల్‌కి ఇచ్చి 20 నుంచి 50 మధ్య కట్టేయడం. చరణం చివర మెల్లగా తొక్కుతూ పల్లవిలోకి వెళ్తే స్విచ్ నొక్కిన గెంతు లేకుండా పాట పెరుగుతుంది.

9. మిడి వాళ్లకి రెండు ముక్కలు

నొక్కినా ఆంప్ పలక్కపోతే రెండింటి ఛానెల్ నంబరు ఒకటేనా చూడండి. పలికినా పక్క ప్యాచ్ వస్తోందా? మిడి 0 నుంచి 127 దాకా లెక్కపెడుతుంది, కొన్ని పెట్టెలు 1 నుంచి 128 అని చూపిస్తాయి. ఒకటి కలపండి లేదా తీసేయండి, అయిపోతుంది.

10. కాలికి అలవాటు

ఎడమ చివరి స్విచ్ ఎప్పుడూ క్లీన్. ఏం జరిగినా కాలు అటు వెళ్తే ఒడ్డున పడతారు. ట్యూనర్ కోసం ఒకటి, అది సౌండ్ మ్యూట్ కూడా చేసేలా పెట్టుకోండి, పాటల మధ్య "టుయ్ టుయ్" మని జనానికి వినిపించక్కర్లేదు.

ప్యాచ్ మార్చేటప్పుడు కొన్ని బోర్డుల్లో సౌండ్ కంటిరెప్పపాటు తెగుతుంది. తెగితే ప్యాచ్‌లు మార్చకుండా, ఒకే ప్యాచ్‌లో డ్రైవ్, కోరస్ పెట్టి వాటిని ఆన్ ఆఫ్ చేసుకోండి, ఎక్కువ బోర్డుల్లో అప్పుడు తెగదు. నొక్కే సమయం బార్ చివరి బీట్ తర్వాత, కొత్త బార్ మొదటి మీటుకి ముందు. మొదటి మీటుతో పాటే నొక్కితే ఆ మీటు తల తెగిపోతుంది.

బొటనవేలితో నొక్కుతాం కాబట్టి స్విచ్ మీద రబ్బరు టోపీ వేసుకోండి, ఇనప స్విచ్ రెండు గంటల ప్రోగ్రాంలో వేలు నొప్పెక్కిస్తుంది. చూడకుండా నొక్కడం ఇంట్లో అలవాటు చేయండి, స్టేజీ మీద పొగ వదిలితే కాలి కింద ఏముందో కనబడదు.

11. స్టేజీ మీద, మైకు సెట్టు ఆయనతో

మీరు కట్టిన సౌండ్లన్నీ ఆంప్‌లో బ్రహ్మాండంగా ఉండి బయట పెద్ద బాక్సుల్లో రాకపోవచ్చు. ఆంప్ వెనక లైన్ అవుట్ లేదా డీఐ దగ్గర "ప్రీ", "పోస్ట్" స్విచ్ ఉంటుంది. ప్రీలో ఉంటే ఆంప్ లోపలి ఎఫెక్టులు, ఈక్యూ కలవకముందే సౌండ్ మిక్సర్‌కి వెళ్లిపోతుంది, మీరు కాలితో ఏం నొక్కినా జనానికి తెలియదు. పోస్ట్‌లో పెట్టండి. ఎఫెక్టులు ఆంప్ ముందు పెడల్స్‌లో ఉంటే ప్రీ అయినా ఫర్వాలేదు.

రెండోది మిక్సర్ మీద లో కట్ బటన్. మైకుల కోసం అన్ని ఛానెళ్లకీ వరసగా నొక్కేసి ఉంటుంది. సౌండ్ చెక్‌లో ఆపరేటర్ చేయి ఊపి "బేసు ఇనబడ్డం నేదు బావూ" అని ఫేడర్ పైకి తోస్తుంటాడు, ఎంత తోసినా రాదు, ఎందుకంటే ఆ బటన్ 80 లేదా 100 హెర్ట్జ్ కింద కోసేస్తోంది. మీ ఓపెన్ స్ట్రింగ్స్‌లో ఈ (E) 41, ఏ (A) 55, డీ (D) 73 హెర్ట్జ్, మూడూ ఆ గీత కిందే ఉన్నాయి. వెళ్లి మర్యాదగా "అన్నా, నా ఛానెల్‌లో లో కట్ తీసేయండి" అని అడగండి. పెంచమని మాత్రం అడగొద్దు.

చెక్‌లో మూడు సౌండ్లూ ఒక్కొక్కటీ వాయించి ఆపరేటర్‌కి వినిపించండి, "ఇవి మూడే మారతాయి, లెవెల్ ఒకటే" అని చెప్పండి. ముందే తెలిస్తే డ్రైవ్ వచ్చినప్పుడు ఉలిక్కిపడి ఫేడర్ దించడు. సిరిమానోత్సవం (విజయనగరం పైడితల్లి జాతర) రోజుల్లో చుట్టుపక్కల డీజే బాక్సుల బేస్ కూడా మీ స్టేజీ మీదకి వస్తుంటుంది. అప్పుడు కింద పెంచి పోటీపడకండి, 250 నుంచి 500 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచితే స్వరం తెలుస్తుంది.

ఏదైనా తేడా వస్తే

స్టేజీ మీద సౌండ్ పూర్తిగా పోతే వెతికే వరుస: గిటార్ వాల్యూమ్ నాబు, ట్యూనర్ మ్యూట్ ఆన్‌లో ఉండిపోయిందా, ఎక్స్‌ప్రెషన్ పెడల్ వెనక్కి ఉందా, పెడల్ లైటు వెలుగుతోందా, తర్వాత కేబుళ్లు. అప్పటికీ రాకపోతే పెడళ్లన్నీ పీకేసి గిటార్ నేరుగా ఆంప్‌కి పెట్టి పాట పూర్తి చేయండి, వెతుకులాట తర్వాత.

స్విచ్ ఒక్కోసారి పలికి ఒక్కోసారి పలక్కపోతే సముద్రపు గాలికి జాక్‌లు తుప్పు పట్టి ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గు నాలుగైదుసార్లు దూర్చి తీయండి. కొబ్బరి నూనె రాయకండి, దుమ్ము పట్టి ఇంకా చెడుతుంది.

ప్రోగ్రాంకి బయల్దేరేముందు మూడు ప్యాచ్‌ల స్క్రీన్లూ, ఆంప్ నాబులూ ఫోనుతో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఎవరైనా చిన్నపిల్లలు స్టేజీ ఎక్కి అన్నీ తిప్పేసినా రెండు నిమిషాల్లో తిరిగి కట్టుకోవచ్చు.